పొరుగు సాయం

కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్‌ని లేపడం సునందకి కొత్త పనేం కాదు. పదేళ్ళుగా ఆమెకి అన్నం పెడుతున్నది అదే. లాప్‌టాప్‌లో కొంత చోటు పక్కకి కేటాయించి, అక్కడో ఉత్తుత్తి యంత్రాన్ని నిలబెడుతుంది. వర్చువల్ మెషిన్ అంటారు దాన్ని. ఆ యంత్రానికి తను ఉత్తుత్తిదని తెలియదు పాపం. తానే అసలు కంప్యూటర్‌ననుకుని బుద్ధిగా పని చేసుకుపోతుంది. లోపల ఏం తగలబడినా బయటికి పొగ కూడా రాదు. ముందే తీసి పెట్టుకున్న నకలుకి, అంటే స్నాప్‌షాట్‌కి, వెనక్కి తిప్పేస్తే, అసలు తగలబడనే లేదు. దొంగలా ఆలోచించి దొంగని పట్టవలసిన తనలాంటి వాళ్ళకి అంతకన్నా క్షేమమైన చోటు లేదని ఆమె నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచుతుందని ఆ ఉదయం ఆమెకి తెలియదు.

వైర్‌లెస్ నెట్‌వర్కులని ఆడిట్ చెయ్యడం ఆమె ఉద్యోగం. ఆస్పత్రులూ బ్యాంకులూ తమ ఇంటికి తామే కన్నం వేయించుకుని, గోడ ఎక్కడ బలహీనంగా ఉందో చెప్పించుకునే పని అది. ఆ రోజు ఆమె కూర్చున్నది విశాఖపట్నంలో, మధురవాడ కొండ కింద, నిశ్చల అనే ప్రయోగశాలలో, రాగి గదిలో. గోడలకీ కప్పుకీ తలుపుకీ కూడా రాగి వల బిగించిన గది. లోపలి సిగ్నల్ బయటికి పోదు, బయటిది లోపలికి రాదు. తలుపు మూస్తే చేతిలో ఫోను రాతిముక్కే.

ఈ ఉత్తుత్తి యంత్రాలతో ఒక చిక్కుంది. లాప్‌టాప్‌కి సొంత వైఫై ఉన్నా లోపలి యంత్రానికి అది కనబడదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు. అందుకని బొటనవేలంత యాంటెనా ఒకటి బయటినుంచి గుచ్చి, ఇది నీదని లోపలి యంత్రానికి అప్పగించాలి. ప్రతిసారీ అప్పగించడం విసుగనిపించి సునంద ఒక ఏర్పాటు చేసుకుంది. ఈ యాంటెనా ఉన్నంతసేపూ అది లోపలి యంత్రానికే చెందుతుంది, మళ్ళీ అడగక్కర్లేదు. తర్వాత యాంటెనాని వినికిడి పద్ధతిలో పెట్టింది. ఇక అది తనకి చెప్పిన మాటలే కాదు, గాలిలో ఎవరు ఎవరితో ఏం చెప్పుకున్నా చెవిన వేసుకుంటుంది.

గదిలో బల్ల మీద గాజుసీసా, అందులో ఉప్పునీళ్ళు, ఆ నీళ్ళలో మినపగింజంత లోహపు ముక్క. దాని పేరు కూడా నిశ్చలే గాని అందరూ చుక్క అంటారు. మూర్ఛ వచ్చేవాళ్ళ మెదడు అంచున దాన్ని నాటుతారు. మెదడులో తుఫాను లేవబోతుంటే చుక్క పసిగట్టి, జేబులో పట్టే ఒక పెట్టెకి వైర్‌లెస్‌లో కబురు పంపుతుంది. పెట్టె ఆ తుఫానుకి ఎదురు లయ కట్టి రెప్పపాటులో తిరిగి పంపుతుంది. ఆలోచనంతా పెట్టెది, చుక్కది పెదవి కదపడం మాత్రమే. తుఫాను పుట్టిన చోటే అణిగిపోతుంది. మనిషికి ఏమీ జరిగినట్టు కూడా తెలియదు.

ఆ చుక్కని కనిపెట్టిన డాక్టర్ పినాకపాణి చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు. వచ్చే నెలలో వేలమందికి నాటబోతున్నారు. దానికి ముందు చుక్కకీ పెట్టెకీ మధ్య దారాన్ని ఎవరైనా దుర్మార్గుడు తెంపగలడా అన్నది తేల్చాలి. ఆ పని సునంద అడిగి మరీ తీసుకుంది. ఎందుకంటే మొదటి విడతలో చుక్క నాటించుకున్నవాళ్ళలో ఆమె భర్త సింహాద్రి ఒకడు. ఆ దారం తెగుతుందేమోనన్న భయంతో ఆమె ఏడాదిగా సరిగా నిద్రపోలేదు.

ఆమె మీట నొక్కింది. దగ్గరగా వినబడే పెట్టె ఏదైతే దాన్ని పట్టుకుని, దాని గొంతుతోనే చుక్కకి పదేపదే సెలవు చెప్పి దారం తెంపమని యంత్రానికి పురమాయించింది. ఏ పెట్టో పేరు పెట్టి చెప్పలేదు. ఆ గదిలో ఉన్నది ఒకటే పెట్టె, పేరుతో పనేముంది? సీసాలోకి దొంగ తుఫాను వదిలారు. చుక్కకి దారం తెగింది. అది గాలిలోకి ఏదో కేక లాంటిది వేసింది. జవాబు రాలేదు. అప్పుడు తనలో దాచుకున్న పాత లయనే పాడుకుంటూ తుఫానుని కాసేపు నిలబెట్టింది.

"ఆ కేక ఏమిటి సార్?" అని అడిగింది సునంద.

పినాకపాణి అదేం లేదన్నట్టు చెయ్యి ఊపి, సీసా వైపు మురిపెంగా చూశాడు. కాకిపిల్ల కాకికి ముద్దు. ఇంతలో ఇంటికి దింపే వ్యాను హారన్ వినబడింది. పరీక్ష ఇంకా నడుస్తూనే ఉంది. సునంద యంత్రాన్ని ఉన్నదున్నట్టుగా నిద్రపుచ్చి, లాప్‌టాప్ మూసి సంచీలో పెట్టుకుంది. చిన్న యాంటెనా దానికే గుచ్చి ఉండిపోయింది.

* * *

ప్రయోగంలో చేరిన కుటుంబాల్లో కొన్నిటికి ప్రయోగశాలవాళ్ళే ఒక అపార్ట్‌మెంటులో ఇళ్ళిచ్చారు. సునంద వాళ్ళది మొదటి అంతస్తు. సరిగ్గా కింద, నేల మీది ఇంట్లో గౌరీశ్వరి, ఆమె కూతురు చందన ఉంటారు. చందనకి తొమ్మిదేళ్ళు. ఆ పిల్లకీ చుక్క ఉంది, కాకపోతే పిల్లలకని చేసిన చిన్న రకం.

సింహాద్రి హార్బర్‌లో క్రేన్ నడుపుతాడు. సునందకి మేనబావ. పెళ్ళయిన కొత్తలో అతను ఓడలోంచి కంటైనర్ని ఎత్తి లారీ మీద దించుతుంటే, గుడ్డుని గిన్నెలో దించినట్టుందని ఆమె ఆటపట్టించేది. తర్వాత మూర్ఛ మొదలయింది. వచ్చే ముందు అతనికి ఎక్కడో రబ్బరు కాలుతున్న వాసన వేసేది. ఆ మాట అతని నోట వింటే చాలు, ఆమెకి పై ప్రాణాలు పైనే పోయేవి. క్రేన్ దింపేసి స్టోర్‌లో బోల్టులు లెక్కపెట్టే పనిలో వేశారు. అంత మనిషీ మూడేళ్ళు అక్కడ వంగి కూర్చుని ముడుచుకుపోయాడు. చుక్క వచ్చాక మళ్ళీ క్రేన్ ఎక్కాడు. ఎక్కిన మొదటి రోజు పైనుంచి ఫోను చేసి, ఏమీ మాట్లాడకుండా గాలి శబ్దం వినిపించాడు.

ఆ సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి అతను వంటింట్లో కూర్చుని వంజరం చేప ముక్కలకి కారం పట్టిస్తున్నాడు. అతని పెట్టె ఎప్పటిలాగే ఫ్రిజ్ మీద చార్జింగ్‌లో ఉంది. సునంద ముందు గదిలో లాప్‌టాప్ తెరిచింది. రిపోర్టు రాయాలంటే లోపలి యంత్రంలో ఉన్న అంకెలు కావాలి. దాన్ని నిద్ర లేపింది.

నిద్రపోయిన యంత్రానికి నిద్రపోయానని తెలియదు. లేస్తూనే అది వదిలిన మాట దగ్గర పని అందుకుంది. దగ్గరగా వినబడే పెట్టెని వెతుక్కుంది, సెలవు చెప్పడం మొదలుపెట్టింది. రాగి గోడలు ఇక్కడ లేవని దానికెవరు చెప్తారు?

తెర మీద వరసలు జారిపోతుంటే సునంద ముందు ఊరికే చూసింది. తర్వాత పెట్టె గుర్తింపు అంకెలు కంటబడ్డాయి. అవి సీసా పక్కనున్న పెట్టెవి కావు. రోజూ చార్జింగ్ పెడుతూ, తుడుస్తూ కంఠతా వచ్చేసిన అంకెలు. ఫ్రిజ్ మీది పెట్టెవి.

వంటింట్లోంచి సింహాద్రి గొంతు వినబడింది.

"సునందా, ఎక్కడో రబ్బరు కాల్తన్నట్టుంది చూడు."

తన చేత్తోనే తెంపేసింది, తన భర్త తలలోని దారం. కుర్చీ పడిపోయిన సంగతి కూడా చూసుకోకుండా వంటింట్లోకి పరుగెత్తింది. పళ్ళెం లాగేసింది, కత్తిపీట కాలితో తన్నింది, పడిపోబోతున్న మనిషి కోసం రెండు చేతులూ చాచింది.

సింహాద్రి పడలేదు. కారం చేతులతో ఆమె వంక వింతగా చూశాడు. వాసన పోయిందన్నాడు. ఏటయిందే, అంత చెమటలు పట్టేయని నవ్వాడు.

ఆమె వెనక్కి పరుగెత్తి యాంటెనా పీకేసింది. తెర మీది చివరి వరసలు చదివింది. దారం తెగిన మరుక్షణం అతని చుక్క ఇందాకటి సీసాలోదానిలాగే గాలిలోకి కేక వేసింది. ఈసారి జవాబు వచ్చింది. అంకెలు తెలియని వేరే పెట్టె ఏదో ఆ కేక అందుకుని, అతని తుఫానుకి లయ కట్టి పంపింది.

ఎవరిది ఆ పెట్టె అని ఆమె ఇంకా అనుకుంటూనే ఉంది, కింది ఇంట్లోంచి గౌరీశ్వరి ఏడుపు వినబడింది. సింహాద్రి మేకుకి వేలాడుతున్న తాళాల గుత్తి అందుకుని అప్పటికే మెట్ల మీద ఉన్నాడు. చందన పడిపోయినప్పుడల్లా అందరికన్నా ముందు చేరేది అతనే. తాళాల గుత్తి పిల్ల చేతిలో పెట్టి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, చుట్టూ మూగినవాళ్ళని గాలి రానివ్వమని కసిరేది అతనే. ఇనుము పట్టుకుంటే మూర్ఛ ఆగదని అతనికి తెలుసు. అయినా చేతిలో ఏదో ఒకటి ఉంటే పిల్లకి ధైర్యమంటాడు.

సునంద మెట్ల మీదే నిలబడిపోయింది. తెరిచిన తలుపులోంచి చందన పెట్టె కనబడుతోంది. బల్ల మీద పచ్చదీపంతో నిక్షేపంగా వెలుగుతోంది. దాని అడుగున అంటించిన అంకెలు చదవడానికి ఆమెకి ధైర్యం చాల్లేదు. చివరికి వెళ్ళి చదివింది. అవే అంకెలు.

* * *

చందనకి చుక్క ఎందుకు సరిగా పనిచెయ్యడం లేదన్నది ఆ భవనంలో అందరికీ తెలిసిన తగువు. రోజంతా ఆడుతుంది, బడికెళ్తుంది. పడిపోతే సందెవేళే. సందెగాలి సోకిందని గౌరీశ్వరి ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి పొయ్యిలో వేసేది. మందులు వేళకి వెయ్యడం లేదని ప్రయోగశాలవాళ్ళు ఆమెనే తిట్టేవారు. వేస్తున్నాను బాబూ అని ఆవిడ ఏడ్చేది. ఎవరూ నమ్మేవారు కాదు. నిజం చెప్పాలంటే సునంద కూడా నమ్మలేదు.

మర్నాడు సునంద లోపలి యంత్రాన్ని శుభ్రమైన స్నాప్‌షాట్‌కి తిప్పింది. యాంటెనా గుచ్చి, ఈసారి పెదవి కదపకుండా వినడం మాత్రమే చెయ్యమంది. రోజు పొడుగునా ఏమీ లేదు. చందన చుక్కకి దాని పెట్టె బదులిస్తోంది, సింహాద్రి తన పెట్టె జేబులో పెట్టుకుని హార్బర్‌లో ఉన్నాడు. అతను ఇంటికొచ్చాడు. పెట్టె ఫ్రిజ్ మీద పెట్టాడు. లుంగీ కట్టుకుని, టీ తాగి, క్యారమ్స్ ఆడ్డానికి కిందికి దిగాడు.

రోజూ దిగుతాడు. కింద నీళ్ళ మోటారు దగ్గర, చందన వాళ్ళ కిటికీకి ఎదురుగా, ఇనుపరేకుల షెడ్డు ఉంది. దాని కింద బోర్డు వేసుకుని సందెవేళ నలుగురూ ఆడతారు. భవనమంతా పెట్టె అందుతుందని ప్రయోగశాలవాళ్ళు చెప్పారు గనక పెట్టె వెంట తీసుకెళ్ళాలని అతనికెప్పుడూ తోచలేదు. ఇనుపరేకు అడ్డమొస్తుందని వాళ్ళకీ తోచలేదు.

తెర మీద అతని దారం సన్నబడింది. తెగింది. చుక్క కేక వేసింది. కింది పెట్టె జవాబిచ్చింది, ఇస్తూనే చందన చుక్కని వదిలేసింది.

ఆ తర్వాత తెర మీద కనబడిందాన్ని సునంద జన్మలో మరిచిపోలేదు. పిల్ల చుక్క తన పెట్టెని పిలుస్తోంది. మళ్ళీ పిలుస్తోంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అది అడుగుతూనే ఉంది, దాని గొంతే చాల్లేదు. పక్కనే ఉన్న పెట్టె పెద్దగొంతు చుక్క మాటే వింటూ కూర్చుంది. అటు షెడ్డు కిందనుంచి సింహాద్రి నవ్వు వినబడుతోంది. ఎర్రకాయిన్ పడ్డట్టుంది.

ఆమె బాల్కనీలోంచి, బావా పైకి రా అని కేకేసింది. ఈ ఆట అవనీ అన్నాడు. తెర మీద పిల్ల చుక్క పంపే కబుర్లు వేగం పుంజుకున్నాయి. తుఫాను లేస్తోంది. సునంద ఇంకేం ఆలోచించలేదు. ఫ్రిజ్ మీద పెట్టెని వైరుతో సహా ఊడబీకి, చెప్పుల్లేకుండా మెట్లు దిగింది. మలుపులో మోకాలు గోడకి కొట్టుకుంది. షెడ్డులోకి దూరి పెట్టెని అతని ఒళ్ళో పడేసి, చందన కిటికీ వైపు తిరిగి చూసింది.

కిటికీలో పిల్ల లెక్కలు చేసుకుంటూ, పెన్సిల్ ఆపి, ఎటో శూన్యంలోకి చూస్తోంది. ఒక క్షణం అలాగే ఉంది. తర్వాత తల విదిలించుకుని మళ్ళీ రాయడం మొదలుపెట్టింది.

ఏమయిందని సింహాద్రి అడిగాడు. పెట్టె మరిచిపోయావంది. అంత చిన్నదానికి అంత పరుగా అని బోర్డు చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

* * *

పినాకపాణి ఆమె చెప్పింది పూర్తిగా విన్నాడు. ఆశ్చర్యపోలేదు. ఆమెకి అన్నిటికన్నా భయం వేసింది అక్కడే.

దానికో పేరు కూడా పెట్టుకున్నాడాయన. పొరుగు సాయం. పెట్టె చెడిపోతే మనిషి నడివీధిలో పడిపోకూడదని, దగ్గర్లో ఏ పెట్టె ఉంటే దాని సాయం అడిగేలా పెద్దవాళ్ళ చుక్కలో అచ్చు వేశాడు. పిల్లల చుక్కలో దానికి చోటు చాల్లేదు. పెట్టె ఒకసారికి ఒకరికే బదులు చెప్పగలదు. ఇద్దరొస్తే గట్టిగా పిలిచినవాడిదే. ఒకే పెట్టె కోసం రెండు చుక్కలు పోటీ పడడం అరుదు కదా అనుకున్నాడట. తన చెల్లెలు మూర్ఛొచ్చి కాలవలో పడిపోయినప్పుడు గట్టున పదిమంది ఉండి ఒక్కరూ దిగలేదని, ఆ సాయమేదో మనుషులు చెయ్యకపోతే తన యంత్రం చేస్తుందనుకున్నానని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ చెప్పాడు. ఆ మాట అబద్ధం కాదని ఆమెకి తెలుస్తూనే ఉంది.

"సీసాలో మీకు తప్పు కనబడలేదు సార్, నాకూ కనబడలేదు. సీసాకి పొరుగువాళ్ళు లేరు" అంది సునంద.

వేలమందికి నాటాక బస్సులో, సినిమాహాల్లో, ఆస్పత్రి వరండాలో ప్రతివాడికీ పొరుగువాడుంటాడని ఆమె చెప్పింది. ఎవడి పెట్టెలో చార్జింగ్ అయిపోతే వాడు పక్కవాడిది లాక్కుంటాడు. లాక్కున్నట్టు వాడికీ తెలియదు, పోయినట్టు వీడికీ తెలియదు. పిల్లలైతే ఎప్పుడూ ఓడిపోయేవాళ్ళే.

కొత్త చుక్కలో సరిచేస్తానన్నాడు పినాకపాణి. దానికి రెండేళ్ళో మూడేళ్ళో పడుతుందన్నాడు. నాటినవాటిలో అచ్చుపడ్డదాన్ని బయటినుంచి చెరపడం కుదరదు. ఈ సంగతి రిపోర్టులో రాస్తే, ప్రయోగాన్ని పర్యవేక్షించే కమిటీ ఆ రోజే పెద్దవాళ్ళ చుక్కలన్నిటినీ నిద్రపుచ్చమంటుంది. ఆ మాట దగ్గర ఆగి ఆమె కళ్ళలోకి చూశాడు.

"మీ ఆయన పెట్టె ఎప్పుడూ జేబులోనే ఉంచుకోమనండి, సునంద గారూ. మీ కింది పాపకి ఇంకేం కాదు. మీ మెషిన్ని మొన్నటి స్నాప్‌షాట్‌కి తిప్పేసి, రాగి గదిలో చూసింది చూసినట్టు రాయండి. అది అబద్ధం కాదు కదా."

అబద్ధం కాదు. అందుకే ఆ మాట ఆమెని ఇంటిదాకా వెంటాడింది. ఒక్క మీట నొక్కితే చాలు. సింహాద్రి క్రేన్ మీదే ఉంటాడు, చందన పడిపోదు. మిగతావాళ్ళు ఎవరో, ఏ ఊళ్ళోనో, ముఖాలు కూడా తెలియనివాళ్ళు. వ్యానులో కూర్చుని ఆమె ఆ మీట వందసార్లు నొక్కింది మనసులో. తనకి అంత తేలిగ్గా అనిపించడం చూసి తనకే భయమేసింది.

ఇంటికొచ్చాక చెప్పకుండా ఉండలేకపోయింది. సింహాద్రి మంచం అంచున కూర్చుని విన్నాడు. కంప్యూటర్ల సంగతి అతనికి అట్టే తెలియదు గాని, క్రేన్ నడిపేవాడు గనక బరువు ఇక్కడ ఎత్తితే ఎక్కడో ఒకచోట దిగాలన్నది తెలుసు. మొదట నమ్మలేదు. తర్వాత ఎప్పుడెప్పుడు చందన పడిపోయిందో అతనే చెప్పుకుంటూ వచ్చాడు. వినాయక చవితి పందిరి వేస్తున్ననాడు. క్యారమ్స్ పోటీలో తను గెలిచిననాడు. ఆ పిల్ల పుట్టినరోజునాడు, కేకు కొయ్యకముందే. అన్నిసార్లూ తను షెడ్డు కిందే ఉన్నాడు. అందుకే అంత తొందరగా చేరేవాడు.

"నేనే పడేసి, నేనే ఎత్తేనన్నమాట" అన్నాడు.

కాదు బావా, నీకు తెలీదు కదా అని ఆమె అతని చెయ్యి పట్టుకుంది. పెట్టె జేబులో ఉంచుకుంటే చాలన్న మాట కూడా చెప్పింది, కళ్ళు దించుకుని. అతను లేచి బాల్కనీలోకి వెళ్ళాడు. అక్కడినుంచి దూరంగా హార్బర్ క్రేన్ల మీద ఎర్రదీపాలు కనబడతాయి. వాటివంకే చూస్తూ నిలబడ్డాడు. అతని భుజాలు అప్పుడే వంగిపోయినట్టు ఆమెకి అనిపించింది. స్టోర్‌లో కూర్చున్ననాటి భుజాలవి.

"రాసీ సునందా" అన్నాడు వెనక్కి తిరక్కుండా. "నాకూ బయ్యమే. మళ్ళీ ఆ వాసన రావాలంటే నాకు బయ్యమే. కానీ రాసీ. పిల్ల నోటికాడిది లాక్కుని నేను క్రేనెక్కలేను."

ఆమె రాసింది. రాస్తున్నంతసేపూ ఏడ్చింది.

* * *

కమిటీ ఎక్కువ రోజులు తీసుకోలేదు. వేలమందికి నాటడం ఆగిపోయింది. పెద్దవాళ్ళని ఒక్కొక్కరినే పిలిచి, చెవి వెనక అయస్కాంతం పెట్టి చుక్కని నిద్రపుచ్చారు. నొప్పేం లేదు. ఏదో లోపమన్నారు గాని, ఎవరి చుక్క ఎవరి పెట్టెని లాక్కుందో ఎవరికీ చెప్పలేదు. అపార్ట్‌మెంటులో కొందరు సునందతో మాట్లాడడం మానేశారు. వాళ్ళ ఇళ్ళలో మళ్ళీ మనుషులు పడిపోతున్నారు మరి. కొత్త చుక్క మీద పనిచేస్తున్న పినాకపాణి మాత్రం, ఈసారి సీసాలు ఒకటి కాదు, గది నిండా పెట్టానని, వచ్చి చూడమని కబురు పంపాడు. ఆమె వెళ్ళింది. లోపలి యంత్రాన్ని లేపేముందు ఇప్పుడు ప్రతిసారీ యాంటెనా పీకి చేతిలో పట్టుకుంటోంది.

సింహాద్రిని మళ్ళీ స్టోర్‌లో వేశారు. చందన మాత్రం సందెవేళ పడిపోవడం మానేసింది. గౌరీశ్వరి దిష్టి తీయడం మానలేదు, దానివల్లే తగ్గిందని ఆవిడ నమ్మకం. సునంద ఆ నమ్మకాన్ని చెరపలేదు. కింది ఇంట్లో భయం తగ్గింది, అది మెట్లెక్కి పై ఇంటికి వచ్చింది. సింహాద్రి ఏ మాటకి నోరు తెరిచినా రబ్బరు అంటాడేమోనని ఆమె చెవులు రిక్కించేది. అతను స్నానానికి వెళ్తే తలుపు బయట నిలబడేది. చింతపండు తెమ్మని పంపి, వీధి చివరిదాకా చూస్తూ ఉండేది.

ఒక సాయంత్రం ఆమె మొక్కలకి నీళ్ళు పోస్తోంది. కింద షెడ్డులో ఆట సాగుతోంది. సింహాద్రి స్ట్రయికర్ మీద వేలు పెట్టి ఆగాడు. ఎవడ్రా రబ్బరు కాలుస్తున్నాడు అని అతను అనడం ఆమెకి పైకి వినబడింది.

ఆమె చెంబు వదిలేసి పరుగెత్తింది. మెట్లు ఎన్నటికీ తరగలేదు. ఎక్కడా ఏ పెట్టే బదులు చెప్పదు, ఏ లయా రాదు, ఈసారి ఎవరి దగ్గరినుంచీ ఏదీ అందదు. ఆమె షెడ్డు చేరేసరికి అతను నేల మీద ఉన్నాడు. బోర్డు తిరగబడింది. మనుషులు చుట్టూ మూగారు.

వాళ్ళ మధ్యలో చందన ఉంది. ఇంట్లోంచి తాళాల గుత్తి తెచ్చి అతని పిడికిట్లో పెట్టి, దాని మీద తన రెండు చేతులూ బిగించింది. అంత బరువు మనిషిని పక్కకి తిప్పమని వాళ్ళమ్మకి పురమాయించింది. గాలి రానివ్వండని అచ్చం అతనిలాగే అందరినీ కసిరింది. సునంద మోకాళ్ళ మీద కూలబడి అతని తల ఒళ్ళోకి తీసుకుంది. వణుకు నెమ్మదిగా తగ్గింది. నోటి పక్క నురుగు పిల్ల తన గౌను అంచుతో తుడిచింది.

"అత్తా, మావయ్య చుక్క ఎందుకు పడుకోబెట్టీసేరు?" అంది చందన. "నాదే పాడయిపోయేది. మావయ్యది బాగానే పన్జేసేది కదా?"

గౌరీశ్వరి కూడా జవాబు కోసం చూస్తోంది. అందరూ చూస్తున్నారు. సింహాద్రి కళ్ళు ఇంకా తెరుచుకోలేదు గాని, తాళాల గుత్తి మీద అతని వేళ్ళు కదిలి, పిల్ల చేతిని గట్టిగా పట్టుకున్నాయి.

"అవునమ్మా, బాగానే పనిచేసేది" అంది సునంద.